నర్సీపట్నం రోడ్డులో దిగిన డాక్టరు

విశాఖ నుంచి విజయవాడ వెళ్ళే రైలు దారిలో నర్సీపట్నం రోడ్ అని ఒక స్టేషన్ ఉంది. బోర్డు చూసి ఊరొచ్చేసిందనుకుని దిగిన కొత్తవాళ్ళు ప్లాట్‌ఫారం మీద నిలబడి అటూ ఇటూ చూస్తారు. ఊరు కనబడదు. ఇంకా ఇరవై కిలోమీటర్లకు పైనే ప్రయాణం. పేరు చివరి ‘రోడ్’ అన్న మాటకు అర్థం, ఇక్కణ్ణుంచి ఆ ఊరికి రోడ్డుంది అని మాత్రమే. మిగతా దూరం, ఆటోవాడితో బేరం మన పాట్లు.

డాక్టర్లు డిగ్రీ తరవాత చదివే చదువు గురించి ఆలోచించినప్పుడల్లా నాకీ స్టేషనే గుర్తొస్తుంది. దానికి కంటిన్యూయింగ్ మెడికల్ ఎడ్యుకేషన్ అని నిండైన పేరుంది. వాడుకలో సీఎంఈ. “ఆదివారం సీఎంఈ ఉంది, వైజాగ్ వెళ్ళాలి” అని ఒక ఎంబీబీఎస్ డాక్టరు అన్నాడంటే చల్లటి హాలు, నాలుగు ఉపన్యాసాలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్ అని అర్థం చేసుకోవాలి. ఉపన్యాసాలు నాసిరకమని అనను. చాలాసార్లు ఆ రంగంలో ఆరితేరినవాళ్ళే మాట్లాడతారు. అయితే అక్కడ విన్న విషయానికీ, సోమవారం పొద్దున్న ఓపీ చీటీ పట్టుకుని ఎదురుగా కూర్చునే మనిషికీ మధ్య కూడా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఆ దూరాన్ని ముందుగా కొలిచి, ఏం నేర్పాలో ఆ తరవాత తేల్చుకోవడమే అభ్యసన అవసరాల అంచనా. పేరు సర్కారు ఫైలులా ఉన్నా విషయం చాలా ఆసక్తికరమైనది. ఎందుకంటే తనకేం తెలియదో మనిషికి ఎలా తెలుస్తుంది అన్న పాత చిక్కుముడి దీని నడుమన ఉంది.

ముందు ఊరి సంగతి. నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ గుమ్మం. అల్లూరి సీతారామరాజు కథ చదివినవాళ్ళకు పరిచయమైన పేరే. ఇక్కణ్ణుంచి ఘాట్ రోడ్డెక్కితే లంబసింగి, ఆపైన చింతపల్లి. ఇంకో వైపు గొలుగొండ, కృష్ణదేవిపేట, కొయ్యూరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, చింతపల్లి, కొయ్యూరు పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. మ్యాపు మీద గీత పడింది కానీ జ్వరమొచ్చినవాడు గీత చూసుకుని నడవడు కదా. జీపెక్కి ఘాటు దిగి, అలవాటైన నర్సీపట్నానికే వస్తాడు.

అంచనా మొదటి పాఠం ఇక్కడే ఉంది. అనకాపల్లి జిల్లా లెక్కలు ముందేసుకుని ‘ఈ జిల్లా డాక్టర్లకు ఏం నేర్పాలి’ అని ఎవరైనా కూర్చుంటే జాబితా పైభాగంలో షుగర్, బీపీ, కీళ్ళనొప్పులే వస్తాయి. అవీ కావలసినవే. కానీ అబీద్ సెంటర్లో క్లినిక్ పెట్టుకున్న డాక్టరు బెంచీ మీద షుగర్ రోగి పక్కనే మన్యం జ్వరంతో దిగిన మనిషి కూర్చుని ఉంటాడు. జిల్లా సగటు ఆ రెండో మనిషిని మింగేస్తుంది.

ఒక సోమవారం ఓపీని ఊహించుకుందాం. ఈ చుట్టుపక్కల ఏదో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వాడుకలో పీహెచ్‌సీ. డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళ లోపు. విశాఖలో చదువు పూర్తిచేసి వచ్చి రెండేళ్ళయింది. బయట వరండాలో అరవై మంది.

కొయ్యూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. “సలిజొరమమ్మా, తొమ్మిది రోజులైంది. మందుల షాపులో గోళీలు తెచ్చి ఏసుకున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తంది.” మలేరియా కార్డు టెస్టు చేస్తే నెగెటివ్. ఇలాంటప్పుడు వైడల్ పరీక్ష చేయించి, అందులో ఏ కాస్త తేడా ఉన్నా టైఫాయిడ్ అని రాసేయడం మన దగ్గర పాత అలవాటు. టైఫాయిడ్ తరచుగా తిరిగే ప్రాంతాల్లో ఒక్కసారి చేసిన వైడల్‌ను నమ్ముకోవడానికి లేదని పుస్తకాలన్నీ చెబుతున్నా అలవాటు పోలేదు. ఈ డాక్టరమ్మ కూడా చీటీ మీద వైడల్ అని రాయబోతుండగా, పాత స్టాఫ్ నర్సు ఆమెను తెర వెనక్కి తీసుకెళ్ళి రవిక పక్కకు తొలగించి చూసింది. చంక కింద శనగగింజంత నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. బీడీ నిప్పు అంటించినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు, కాబట్టి ఆమె చెప్పనూ లేదు.

అది స్క్రబ్ టైఫస్ గుర్తు. కంటికి ఆనని నల్లిజాతి పురుగు పిల్ల కుట్టిన చోట ఏర్పడే మచ్చ. ఎస్కార్ అంటారు. పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే ఆ పురుగు మనిషి ఒంటి మీద చంక, గజ్జ, రొమ్ముల కింద, నడుముకు బట్ట బిగిసే చోట లాంటి చెమట పట్టే మూలలు వెతుక్కుంటుంది. రోగకారకం బ్యాక్టీరియానే అయినా మన కణాల లోపల దూరి కూర్చుంటుంది. అందుకే సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఖరీదైన మందులు ఎన్ని వేసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. చవకైన డాక్సీసైక్లిన్‌కు మాత్రం సాధారణంగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, 1940లలో అక్కడే బయటపడింది. గోదావరి జిల్లా మనిషి నీడ విశాఖ మన్యం జ్వరం మీద ఇలా పడింది.

ఆమె వెనక ఒక పదేళ్ళ పిల్లవాడు. తెల్లవారుజామున నాలుగింటికి కడుపునొప్పి అని లేచాడు, రెండు వాంతులు. రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. ఒంటి మీద గాటు లేదు. “నిద్ర చాలక కళ్ళు మూసుకుపోతన్నాయండి” అంది తల్లి. రెప్పలు వాలిపోవడం నిద్ర వల్ల కాదు. కట్లపాము కాటు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. దాని కోరలు సన్నం, నొప్పి ఉండదు, మచ్చ కనబడదు, నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రాదు. తెల్లారేసరికి కడుపునొప్పి, ఆపైన వాలే రెప్పలు, ఆపైన మింగలేకపోవడం, ఆఖరున ఊపిరి. డాక్టరమ్మ దీన్ని సరిగ్గానే పట్టుకుంది, పాముకాటు విరుగుడు మందు ఏఎస్‌వీ మొదలుపెట్టింది, అంబులెన్సుకు కబురు చేసింది. కానీ మోతాదు రాసేటప్పుడు పిల్లవాడి బరువు చూసి పెద్దవాళ్ళ మోతాదులో సగం రాసింది.

అది పొరపాటు. పిల్లలకు ఏ మందైనా బరువును బట్టి తగ్గించాలని మొదటి సంవత్సరం నుంచీ నూరిపోస్తారు. ఏఎస్‌వీ దగ్గర ఆ సూత్రం తిరగబడుతుంది. పాము పిల్లవాణ్ణి చూసి విషం తగ్గించి వదలదు. విరుగుడు కొలవాల్సింది విషానికి, మనిషికి కాదు. మన దేశపు మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళకు మొదటి విడతలో 10 వయల్స్ ఇస్తే పిల్లలకూ అంతే.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. జ్వరం విషయంలో తనకు తెలియలేదన్న సంగతి డాక్టరమ్మకు ఆ క్షణమే తెలిసింది. ఏఎస్‌వీ విషయంలో తెలియదన్న అనుమానమే రాలేదు. వచ్చే నెల శిక్షణకు ‘మీకేం కావాలో రాయండి’ అని కాగితమిస్తే మొదటిది రాస్తుంది. రెండోది ఎప్పటికీ రాయదు.

ఇప్పుడు నియమం ఏమంటుందో చూద్దాం. 2002లో భారత వైద్య మండలి తెచ్చిన నైతిక నియమావళిలో ప్రతి డాక్టరూ ఐదేళ్ళకు 30 గంటలు ఇలాంటి చదువు చదవాలని ఉంది. రాష్ట్ర మండలి దగ్గర రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఆ క్రెడిట్ అవర్సే చూపించాలి. ఐదేళ్ళకు 30 అంటే ఏడాదికి 6, నెలకు అరగంట. తక్కువే, అయినా దాంతో నాకు పేచీ లేదు. పేచీ ఏమిటంటే నియమం గంటలను లెక్కపెడుతుంది, ఆ గంటల్లో ఏముందో అడగదు. కట్లపాముతో బతికే ఊరి డాక్టరు ఐదేళ్ళూ చర్మసౌందర్యం మీద ఉపన్యాసాలు విని వచ్చినా రెన్యువల్‌కు అడ్డుండదు.

సరే, ఎవరి అవసరం వాళ్ళకు తెలుసు కదా, డాక్టర్లనే అడిగితే పోలా? చాలా దేశాల్లో అదే చేశారు. ఫలితాలు చూస్తే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో కోవెల్ అనే పరిశోధకుడి బృందం 47 మంది డాక్టర్లను, ‘రోగిని చూస్తున్నప్పుడు మీకు తెలియని విషయం ఎంత తరచుగా ఎదురవుతుంది’ అని అడిగింది. వారానికి ఒకసారేమో అన్నారు. తరవాత అదే డాక్టర్ల దగ్గర కూర్చుని ఒక్కో రోగి బయటికి వెళ్ళగానే అడిగి చూస్తే, సుమారుగా ప్రతి ముగ్గురు రోగులకూ రెండు ప్రశ్నలు తేలాయి. వాటిలో ఆ పూటే జవాబు దొరికినవి 30 శాతం. ఇంకో సంగతి, సందేహమొస్తే పుస్తకాలు, పత్రికలు తిరగేస్తామని చెప్పినవాళ్ళు నిజానికి ఎక్కువగా చేసింది పక్క డాక్టరును అడగడం. 1999లో అయోవా రాష్ట్రంలో 103 మంది ఫ్యామిలీ డాక్టర్ల వెంట ఉండి చూసిన మరో అధ్యయనంలో పదిమంది రోగులకు మూడు ప్రశ్నల చొప్పున 1,101 ప్రశ్నలు పోగయ్యాయి. అందులో 64 శాతాన్ని డాక్టర్లు అక్కడికక్కడ వెతకనే లేదు. వెతికినవాటి మీద పెట్టిన సమయం సగటున రెండు నిమిషాల లోపు. వీళ్ళను సోమరులనడం అన్యాయం. తరవాతి రోగి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ప్రశ్న ఆవిరైపోయింది. సాయంత్రానికి ‘ఇవాళ అన్నీ మామూలు కేసులే’ అనిపిస్తుంది.

సందేహమే లేని చోట సంగతి ఇంకా విచిత్రం. న్యూజిలాండులో ఆక్లాండ్ నగరపు జనరల్ ప్రాక్టీషనర్లు 67 మందిని థైరాయిడ్, షుగర్ లాంటి విషయాల్లో ఎవరి జ్ఞానానికి వాళ్ళనే మార్కులు వేసుకోమని, ఆ తరవాత నిజంగానే పరీక్ష పెట్టారు. 1997లో అచ్చయిన ఫలితం: రెంటికీ పొంతన బహు తక్కువ. ఇలాంటి అధ్యయనాలను డేవిస్ బృందం 2006లో ఒకచోట చేర్చి చూస్తే 20 పోలికల్లో 13 చోట్ల స్వీయ అంచనాకూ అసలు సామర్థ్యానికీ సంబంధం లేదు, ఉన్నా నామమాత్రం, కొన్ని చోట్ల ఏకంగా తలకిందులు. కొన్ని అధ్యయనాల్లో అందరికంటే గట్టిగా పొరబడింది నైపుణ్యం తక్కువగా ఉన్నవాళ్ళూ, ధీమా ఎక్కువగా ఉన్నవాళ్ళూ. ఎవరి వీపు వాళ్ళకు కనబడదు, డాక్టరుకైనా అంతే.

ఇవన్నీ ఒక ఎత్తు, కెనడాలో ఆంటేరియో రాష్ట్రపు ప్రయోగం ఒక ఎత్తు. 1982లో ప్రచురితమైంది. 16 మంది ఫ్యామిలీ డాక్టర్లకు జబ్బుల జాబితా ఇచ్చి, వేటి గురించి చదవాలని ఉందో, వేటి మీద ఆసక్తి లేదో వరస పెట్టమన్నారు. లాటరీ పద్ధతిలో కొందరికి ముందుగా, కొందరికి ఆలస్యంగా పాఠాలు అందేలా చూశారు. ఇష్టమైనవీ ఇష్టంలేనివీ రెండూ చదివించారు. తరవాత వాళ్ళ కేస్ షీట్లు తీసి వైద్యం నాణ్యత పెరిగిందా లేదా అని చూశారు. ఇష్టపడి చదివిన జబ్బుల్లో, అసలు పాఠాలే అందని డాక్టర్ల కంటే ఏమీ మెరుగు కాలేదు. మెరుగుపడింది ఇష్టంలేకుండా చదివినవాటిలో!

మొదట వింతగా ఉంటుంది. ఆలోచిస్తే మన ఇంటి సంగతే. లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడు ఎప్పుడూ లెక్కలే చేస్తాడు, వాడికి ట్యూషన్ పెడితే మళ్ళీ లెక్కలే అడుగుతాడు. డాక్టరుకు ఇష్టమైన విషయం అప్పటికే బాగా వచ్చిన విషయం. కోరికకూ అవసరానికీ తేడా ఉంటుంది. పదహారు మంది చిన్న సంఖ్యే, దాని మీద సిద్ధాంతాలు కట్టేయకూడదు. అయినా ‘ఈ నెల ఏ టాపిక్ పెడదాం’ అని వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టే నిర్వాహకులు దీన్ని ఒకసారి గోడకు అంటించుకుంటే తప్పులేదు.

ఇక్కడ పక్కకు పోయే ఒక మాట. టాపిక్ ఓటింగుతో కాక కంపెనీతో తేలే హాళ్ళూ ఉన్నాయి. ఆ ఏడాది ఏ మాత్ర మార్కెట్లోకి వస్తే ఆ జబ్బే ఆ ఏడాది పాఠం. కొంతకాలం కిందట నేను వెళ్ళిన ఒక సభలో బీపీ గురించి గంటసేపు విన్నాను. ఉప్పు తగ్గించడం గురించి ఒక్క స్లైడు వచ్చి వెళ్ళింది. మాత్ర పేరు మాత్రం సంచి మీద, పెన్ను మీద, చివరికి నీళ్ళ సీసా మీద కూడా ఉంది. 2024 మార్చిలో కేంద్రం మందుల మార్కెటింగుకు ఒక నియమావళి తెచ్చి, డాక్టర్లకు కానుకలు, విదేశాల్లో ఇలాంటి సభలు వద్దంది. డాక్సీసైక్లిన్‌కు, ఏఎస్‌వీ మోతాదుకు స్పాన్సర్ దొరకడన్న సంగతి మాత్రం నియమావళితో మారదు.

మరి దారేమిటి? నాకు అన్నిటికంటే నచ్చినది చవకైనది. ఇంగ్లండులో టాంటన్ అనే చిన్న పట్టణంలో రిచర్డ్ ఈవ్ అనే జనరల్ ప్రాక్టీషనర్ 1990లలో మొదలుపెట్టాడు. ప్రతి రోగి లేచి వెళ్ళాక డాక్టరు తనను తాను ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ మనిషికి ఇంకా బాగా చేయగలిగి ఉండేదాన్నా? అవునంటే, రోగికి తీరని అవసరం ఏమిటో ఒక గడిలో, దాన్ని తీర్చడానికి తను నేర్చుకోవాల్సింది ఏమిటో పక్క గడిలో రాసుకోవాలి. ఆయన వీటికి పన్స్, డెన్స్ అని ముద్దుపేర్లు పెట్టాడు. మన మాటల్లో తీరనిది, తెలియనిది అందాం.

మన డాక్టరమ్మ బీపీ మిషను పక్కన అలాంటి నోటుబుక్కు ఒకటి పెట్టిందనుకుందాం. ఆ సోమవారం పేజీ ఇలా ఉంటుంది. ‘కొయ్యూరు జ్వరం. మచ్చ నర్సు పట్టింది, నేను వెతకలేదు. గర్భిణి అయితే డాక్సీ బదులు ఏమివ్వాలి?’ జవాబు పది నిమిషాల్లో దొరుకుతుంది, అజిత్రోమైసిన్. కింద ఇంకో వరస: ‘షుగర్ తాత. మాత్రలు రాసి పంపాను. గుమ్మం దగ్గర కుడికాలి చెప్పు జారిపోయింది, ఆయన చూసుకోకుండా నాలుగడుగులు వేశాడు. పాదం స్పర్శ చూడాల్సింది.’ ఆ చెప్పు సంగతి ఏ జిల్లా నివేదికలోకీ ఎక్కదు. షుగర్ వల్ల పాదాల నరాలు మొద్దుబారితే చెప్పు జారినా తెలియదు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడి ముదిరాకే తెలుస్తుంది. ఉపన్యాసంలో డయాబెటిక్ న్యూరోపతి అని పదిసార్లు విన్నదే, జారిన చెప్పులో కనబడినప్పుడు అది ఆమె సొంత పాఠమైంది.

నోటుబుక్కులో ఇంకో వరస మరో కారణానికి ముఖ్యం. ‘పాముకాటు, 20 నిమిషాల పరీక్ష గడ్డకట్టలేదు, మనిషి మామూలుగానే ఉన్నాడు?’ రక్తపింజర కాటుకు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దాన్ని తెలుసుకోవడానికి గాజు టెస్ట్‌ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. జారితే విషం ఎక్కినట్టు. పరీక్షకు కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. అయితే ట్యూబు గాజుదే కావాలి, కొత్తదీ పొడిదీ కావాలి. రక్తం గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది గాజు ఉపరితలమే. ప్లాస్టిక్ ట్యూబులో వేసినా, సబ్బునీళ్ళతో కడిగిన పాత గాజులో వేసినా ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. ఇప్పుడు చెప్పండి, ఇది డాక్టరు చదువు లోపమా, ఇండెంటు లోపమా? స్టోరు గదిలో ప్లాస్టిక్ ట్యూబులే ఉంటే డాక్టరమ్మను ఎన్ని శిక్షణలకు పంపినా ఫలితం సున్నా.

అవసరాల అంచనా మీద 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో విస్తారంగా రాసిన జానెట్ గ్రాంట్ కూడా ఒక జాగ్రత్త చెబుతుంది: తూకం వేయగలిగిన అవసరాలే అవసరాలనుకుని, యాదృచ్ఛికంగా, కుతూహలంతో నేర్చుకునేదాన్ని చంపేయొద్దని. నేను దానికి ఇంకొకటి చేరుస్తాను. మన దగ్గర ఏ లోపం కనబడినా ‘ట్రైనింగ్ ఇప్పిద్దాం’ అనడం పైవాళ్ళకు సులువు. ట్యూబు కొనడం కన్నా, ఖాళీ పోస్టు నింపడం కన్నా ఒక రోజు శిక్షణ చవక. నోటుబుక్కులో వరసలను జ్ఞానం, చేతిపని, సరుకు, మనుషులు అని విడగొడితే చాలా వరసలు శిక్షణ ఖాతాలోంచి బయటికి పోతాయి. పిల్లవాణ్ణి అంబులెన్సులో పంపినప్పుడు ‘దారిలో ఊపిరి ఆగితే అంబు బ్యాగ్ ఎవరు నొక్కాలి?’ అన్న వరస డాక్టరు పాఠం కాదు. అంబులెన్సులో ఉండే మనిషికి చేతిపని.

నోటుబుక్కుకు ఒక హద్దు ఉంది. అనుమానం వస్తేనే అందులో రాస్తారు. సగం మోతాదు ఏఎస్‌వీ అందులోకి రాదు. దానికి ఇంకొకరి కన్ను కావాలి. పాత కేస్ షీట్లు నెలకోసారి ముందేసుకుని ఇద్దరు డాక్టర్లు కలిసి చదివితే పది నిమిషాల్లో బయటపడుతుంది. పెద్దాసుపత్రికి రాసిన రెఫరల్ చీటీలు మరో గని. ఎందుకు పంపారు, అక్కడ ఏం తేలింది అన్నవి కలిపి చూస్తే ఆ డాక్టరు ఎక్కడ తడబడుతున్నారో కనబడుతుంది. కాకపోతే మన దగ్గర చీటీ వెళ్తుంది, తిరిగి జవాబు రాదు. పిల్లవాడు ఏమయ్యాడో పంపిన డాక్టరుకు తెలిసేది చాలాసార్లు ఆశా కార్యకర్త చెబితేనే.

ఇంకా నిర్మొహమాటమైన అద్దం ఒకటుంది, నటించే రోగి. ఆర్థికవేత్త జిష్ణు దాస్, సహచరులు మధ్యప్రదేశ్ పల్లెల్లోనూ ఢిల్లీలోనూ తర్ఫీదు పొందిన మామూలు మనుషులను గుండెనొప్పి, ఉబ్బసం లాంటి లక్షణాలు చెప్పుకునే రోగులుగా పంపారు. 2012లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం పల్లెల్లో వైద్యం చేసేవాళ్ళు ఒక్కో రోగికి ఇచ్చింది సగటున నాలుగు నిమిషాల లోపు. అడగాల్సిన ప్రశ్నల్లో, చేయాల్సిన పరీక్షల్లో మూడోవంతు మాత్రమే పూర్తిచేశారు. వాళ్ళలో చాలామందికి డిగ్రీలే లేవన్నది నిజమే. అయితే దాస్ పరిశోధనల్లో పదేపదే తేలినది వేరే: కాగితం మీద అడిగితే సరిగ్గా చెప్పినవాళ్ళు కూడా కుర్చీలో కూర్చున్నప్పుడు అది చేయరు. తెలిసినదానికీ చేసేదానికీ మధ్య ఉన్న ఆ ఖాళీని ఏ ఉపన్యాసమూ పూడ్చలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో డాక్టరుకు ఏం నేర్పాలన్న ప్రశ్న ఇప్పుడు మరింత పదునెక్కింది. 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగానూ, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగానూ ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు ఆసుపత్రిలో ఉంటే ఇంకొకరు 104 బండిలో ఊళ్ళకు వెళ్ళాలి, ఊరి క్లినిక్‌లో నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త (ఎంఎల్‌హెచ్‌పీ) ఉండాలి అన్నది ఆలోచన. పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి, బండి దిగి ఊళ్ళోకి నడిచే డాక్టరుకు ఎదురయ్యేది మాత్రం మారదు. అక్కడ మంచం మీది పక్షవాతం ముసలామె ఉంటుంది. నడుం మీద పడిన పుండుకు ఏం చేయాలి? మతిమరుపు తండ్రిని చూసుకోలేక ఏడ్చే కోడలికి ఏం చెప్పాలి? క్యాన్సరు నొప్పికి ఊళ్ళో ఏం దొరుకుతుంది? ఎంబీబీఎస్ వార్డుల్లో ఇవి నేర్పలేదు, ఎందుకంటే ఆ వార్డులకు ఈ రోగులు రారు. ఓపీ నోటుబుక్కుకు, ఊరి నోటుబుక్కుకు పోలికే ఉండదు.

ఇక ప్రశ్నలు పోగయ్యాక జవాబులు చెప్పేదెవరు? అమెరికాలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో కాలేయ వైద్యుడు సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ఎకో పద్ధతి ఒక దారి చూపిస్తుంది. మారుమూల డాక్టర్లు వీడియోలో తమ సొంత కేసు చెబుతారు, నిపుణులు, తోటి డాక్టర్లు దాని మీద మాట్లాడతారు. హెపటైటిస్ సీ రోగుల్లో, ఇలా నేర్చుకున్న ఊరి డాక్టర్ల చేతుల్లో నయమైనవాళ్ళు 58.2 శాతం, విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 57.5 శాతం అని 2011లో లెక్క తేలింది. పాఠం కేసు నుంచి మొదలవుతుంది కాబట్టి అవసరాల అంచనా అందులోనే కలిసి ఉంది. ఘాట్ దారిలో సిగ్నల్ పోతే పోనీ, నర్సీపట్నంలో నెలకో మధ్యాహ్నం పదిమంది డాక్టర్లు నోటుబుక్కులతో కూర్చుని, విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ నుంచి ఒక మెడిసిన్ ప్రొఫెసరును ఫోన్లో కలుపుకున్నా పని జరుగుతుంది. ఆ స్టాఫ్ నర్సును కూడా పిలవాలి. చంక కింద చూడమని నేర్పగలిగింది ఆమే.

అలాంటి మధ్యాహ్నం ఒకటి ఊహించుకుంటే, చివర్లో టీ గ్లాసులు తీసేస్తుండగా ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. “అంతా బానే ఉంది గానీ సార్, దీనికి క్రెడిట్ అవర్ ఎవరిస్తారు?”